పంటితో తెంపిన దారం

కుట్టు దుకాణం, బస్టాండు వెనక సందు
జూన్ 11

అక్కకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివాక పది నిమిషాలు మిషన్ తొక్కలేకపోయాను. అంత కోపం వచ్చింది. నేను కుట్టిన చొక్కాకి, తొడిగిన మొదటి రోజే గుండీ ఊడిందా? నువ్వు కాక ఇంకెవరైనా ఈ మాట అని ఉంటే కత్తెర విసిరేవాణ్ని. నా దుకాణంలో కత్తెర బట్ట కోయడానికీ, కోపం వస్తే చూపించడానికీ. దారం తెంపడానికి నాకు పళ్ళున్నాయి.

నా గుండీ ఊడదక్కా. నాన్న నేర్పిన ముడి అది. ఎవరో గుప్పిట్లో పట్టుకుని గట్టిగా లాగితే తప్ప రాదు. బావను అలా పట్టుకు లాగిందెవరో కాస్త కనుక్కో! బస్సులో తోపులాటలో పోయిందన్నాడంటావా, సరే. ఆయన మాట నువ్వు నమ్మావు, నీ మాట నేను నమ్మాను, ఇక గొడవేముంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను ఆఫీసుకు వెళ్ళి చొక్కా ఇస్తే, అక్కడే బీరువా చాటుకు వెళ్ళి పాతది విప్పి కొత్తది తొడుక్కొచ్చాడు. కాలరు సర్దుకుంటూ, "మీ అక్కకన్నా నువ్వే నన్ను బాగా చూసుకుంటున్నావోయ్" అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెప్పేశాను.

ఇక రెండో వింత. బావ తన చొక్కా తానే బకెట్లో నానబెట్టుకున్నాడా? నీళ్ళు తాగిన గ్లాసు కూడా నువ్వే తీయాలి కదా ఆ మహానుభావుడికి! ఆ రోజు మీ వీధిలో వాన పడిందా లేదా రాయి.

గుండీలు రెండు అడిగావు, నాలుగు పంపుతున్నాను. కాగితంలో మడిచి పెట్టాను, ఉత్తరం చింపేటప్పుడు కింద పడేస్తావు, జాగ్రత్త. నువ్వు కుట్టిన ఆ తెల్ల గుండీ పీకేసి ఇది కుట్టు. కాకికాలు కుట్టు మరిచిపోలేదు కదా? ఒక చిల్లులోంచి మూడు చిల్లుల్లోకి. బయటివాళ్ళ బట్టలకు అడ్డదిడ్డంగా రెండు గీతలు, మన ఇంటివాళ్ళకు కాకికాలు. ఉతికిన బట్టల కుప్పలో మనవి మనకు తెలియాలని నాన్న పెట్టిన గుర్తు. ఇప్పుడు ఆ కుట్టు ఒంటిమీద వేసుకుని తిరిగేది ముగ్గురమే. నువ్వు, నేను, బావ.

పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళమని మళ్ళీ రాశావు. వెళ్తే ఏమంటాడో నాకు తెలుసు. దారం కొరకడం మానెయ్ అంటాడు. నీ ముందుపంటికీ నొక్కు ఉందిగా, ముందు నువ్వు వెళ్ళు.

నీ తమ్ముడు,
నొక్కుపన్ను


ల్యాబ్ క్వార్టర్స్, మూడో అంతస్తు
జూన్ 20

ఒరేయ్ నొక్కుపన్నూ,

గుండీలు అందాయి. ఒకటి మంచం కిందకు దొర్లింది, నువ్వు శపించినట్టే. తెల్లది పీకేసి నీది కుట్టాను. కాకికాలే వేశాను, ముడి దగ్గర పంటితోనే తెంపాను. ఐదింట్లో ఏది కొత్తదో ఇప్పుడు నాకే తెలియదు. నాన్న ఉంటే కళ్ళజోడు పైకి నెట్టి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. ఏమీ అనలేదంటే బాగుందని కదా ఆయన లెక్క.

ఇక్కడ మనసు బాగాలేదు. నువ్వు నెలనెలా గుండీలు కొనే దుకాణం పైన కంప్యూటర్ నేర్పే టీచరమ్మ ఉండేది, చూసే ఉంటావు. మీ బావ సాయంత్రాలు నేర్చుకుంటున్నది ఆవిడ దగ్గరే. నువ్వు వచ్చి వెళ్ళిన శుక్రవారమే, క్లాసు గదిలో ఎవరో ఆవిడ గొంతు నులిమేశారు. మీ బావ ఆ రోజు క్లాసుకు వెళ్ళలేదట, ఆఫీసులో పని పడిందట. పోలీసులు క్లాసుకు వచ్చేవాళ్ళందరినీ అడిగి వెళ్ళారు. పాపం, ఆయన వారం రోజులుగా సరిగ్గా తినడం లేదు.

కేసు మా ల్యాబుకే వచ్చింది. నాకు వస్తువులు చూపించరు, నంబరు వేసిన చిన్న గొట్టాలు మాత్రమే ఇస్తారు. అది ఏ వస్తువు మీదిదో, ఎవరిదో నాకు తెలియకూడదు. అదే పద్ధతి. ఇరవై మూడో నంబరు గొట్టాన్ని మిషన్లో పెడితే ఏమైందనుకున్నావు? మా సిబ్బంది వివరాలున్న జాబితాతో సగానికి పైగా కలిసింది. ఎవరితో అనుకున్నావు, నాతోనే! మేమెప్పుడైనా తుమ్మినా, మాట్లాడుతూ ఉమ్మి తుంపర పడినా తెలిసిపోవాలని చేరిన రోజే మా అందరి చెంపల్లో దూదిపుల్ల తిప్పి మా డీఎన్‌ఏ రాసి పెట్టుకుంటారు. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నా పేరు పడలేదు. తల కొట్టేసినట్టయింది.

దాచెయ్యొచ్చు. ఆ కాగితం చించి ఇంకోసారి పెట్టొచ్చు. కానీ నా సంగతి తెలుసు కదా నీకు. "నా వల్ల నమూనా పాడైంది" అని ఫారం నింపి, సంతకం పెట్టి, పెద్దసారు బల్లమీద పెట్టి వచ్చాను. మిషన్‌కు చుట్టాలుండరు, మనం కూడా అలాగే ఉండాలి అని కొత్తవాళ్ళకు చెప్పేదాన్ని నేనే కదా.

రేపు తిట్లు తినాలి. నువ్వు వేళకు తిండి తిను.

అక్క


ల్యాబ్ క్వార్టర్స్, మూడో అంతస్తు
జూన్ 24

తమ్ముడికి,

తొందరలో రాస్తున్నాను. నన్ను సెలవు మీద పంపారు. ఎందుకని అడగకు, చెప్పకూడదని కాగితం మీద సంతకం చేయించుకున్నారు.

ఆ శుక్రవారం బావకు చొక్కా ఇచ్చాక నువ్వు ఎక్కడెక్కడ తిరిగావో, ఎవరితో మాట్లాడావో, ఏ బస్సెక్కావో గుర్తు తెచ్చుకో. టికెట్టు ఉంటే పారెయ్యకు. ఎవరైనా వచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. వెటకారాలు వద్దు.

ఇంకొక్కటి. మన కాకికాలు కుట్టు బయటివాళ్ళకు ఎవరికైనా వేశావా ఈమధ్య? పొరపాటున అయినా సరే. ఒక్కడికైనా వేసి ఉంటావు. బాగా ఆలోచించి రాయి. వేశాననే రాయి.

అక్క


జైలు, రిమాండు గది
జూలై 8

అక్కకు,

ఈ ఉత్తరం నీకంటే ముందు ఇక్కడి సారు చదువుతారు. సారుకు నమస్కారం. మా అక్క రాత ఇంతకంటే బాగుంటుంది సార్, విసుక్కోకండి.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వాళ్ళు వచ్చారు. ముందు ఒకాయన వచ్చి ప్యాంటు పొట్టి చేయాలన్నాడు. టేపు తీసి వంగి కొలుస్తుంటే బూట్లు కనిపించాయి. తల ఎత్తేసరికి గుమ్మంలో నలుగురున్నారు. అప్పుడు కూడా నేను, "అందరివీ పొట్టి చేయాలా?" అన్నాను. వెటకారాలు వద్దని నువ్వు రాయనే రాశావు.

ఒక ఫొటో చూపించారు. టీచరమ్మ గుప్పిట్లో దొరికిన గుండీ. గోధుమరంగుది, వెనక దారం తోక, దాని కొసన ముడి. ఆ ముడిలో నా ఉమ్మి ఉందట. చెంపలో పుల్ల పెట్టి తిప్పారు, వారంలో చెప్పారు, ముమ్మాటికీ నాదేనని. నాదే అక్కా, కాదనలేదు. నేను కుట్టిన గుండీకి నా ఉమ్మి కాక ఎవరిది ఉంటుంది? అదే చెప్పాను. అయితే ఎవరి చొక్కా అన్నారు. గుర్తు లేదన్నాను. రోజుకు పది చొక్కాలు కుడతాను, గుండీ మొహం చూసి మనిషి పేరు చెప్పగలనా?

వాళ్ళు తెలివైనవాళ్ళు. దుకాణంలో కుట్టి వేలాడదీసినవన్నీ దింపి చూశారు. అన్నిటికీ అడ్డగీతల కుట్టే. తర్వాత నా పెట్టె తెరిచి నా చొక్కాలు చూశారు. కాకికాళ్ళు! "నీ చొక్కా గుండీయేరా ఇది" అన్నారు. నా చొక్కాలన్నిటికీ గుండీలున్నాయి కదా అన్నాను. ఊడినది కాల్చేశావన్నారు. ముందురోజు నేనేదో కాల్చానని, వాసన వచ్చిందని పక్కకొట్టు చెప్పులాయన చెప్పాడట. నేను కాల్చింది ఇస్త్రీపెట్టె బొగ్గుల్లో, రెండు మూడు చెత్త కాగితాలు. ఇస్త్రీపెట్టెలో చొక్కా పడుతుందా అక్కా? కాలరు కూడా పట్టదు.

ఆ శుక్రవారం నేను గుండీలు కొన్న బిల్లు కూడా వాళ్ళకు దొరికింది. టీచరమ్మ గది కింద దుకాణంలోదే. బస్సు టికెట్టు దొరకలేదు. బస్టాండులో రెండు గంటలు ఒక్కణ్నే బెంచీ మీద కూర్చున్నాను, అది చూసినవాడెవడూ లేడు.

నువ్వు అడిగినదానికి జవాబు: వేశాను. బయటివాళ్ళకు కూడా కాకికాలు వేశాను, చాలామందికే. ఎవరెవరికో గుర్తు లేదు. నువ్వు దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. మిషన్‌కు చుట్టాలుండరని నువ్వే అంటావు. నేను చేయనిది చేశానని అది ఎలా చెబుతుంది? నాలుగు రోజులు పోతే వాళ్ళే వదిలేస్తారు.

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


మహిళా హాస్టల్, ఏడో నంబరు గది
జూలై 25

ఒరేయ్,

పై చిరునామా చూసి కంగారుపడకు. ఇల్లు వదిలి వచ్చేశాను. ఎందుకో నీకు తెలుసు. నేను చెప్పకముందే తెలుసు.

నువ్వు బయటివాళ్ళకు కాకికాలు వేయవు. మన ఎదురింటి డ్రిల్లు మాస్టారు బతిమాలినా వేయనివాడివి. అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు గుండ్రంగా, కుదురుగా వస్తాయి. చిన్నప్పుడు సెలవు చీటీలు అలాగే రాసేవాడివి, అలాగే దొరికిపోయేవాడివి.

జూన్ ఇరవై మూడున పెద్దసారు తలుపు వేసి కూర్చోబెట్టారు. "నీ తప్పేం లేదమ్మా, నమూనా పాడవలేదు. ఇది మగవాడిది, నీ రక్తం. తండ్రి ఉన్నాడా?" అన్నారు. లేరన్నాను. "అన్నదమ్ములు?" అన్నారు.  నేను చెప్పాల్సిన పనే లేదు, చేరేటప్పుడు నింపిన కాగితంలో నీ పేరూ, దుకాణం చిరునామా ఉన్నాయి. నేనే నింపాను. నా చేత్తో నింపి, నా చేత్తో సంతకం పెట్టి, నిన్ను నేనే పట్టించాను రా. మిషన్‌కు చుట్టాలుండరంటూ ఊరంతా చెప్పుకు తిరిగాను. అది చుట్టరికమే పట్టుకుంది.

గుండీ దారం అని సారు నోరు జారారు. అప్పుడే నాకు అంతా తెలిసిపోయింది. ఆయన తన చొక్కా తాను నానబెట్టుకున్న రోజు, బస్సులో పోయిన గుండీ, క్లాసుకు వెళ్ళలేదన్న శుక్రవారం. తెలిసి కూడా మర్నాడు నీకు ఆ ఉత్తరం రాశాను. బయటివాడెవడో ఒకడు ఉండకపోతాడా అని. పద్నాలుగేళ్ళు కాపురం చేశాను, అంత తొందరగా ఎలా నమ్మను? ఆ పిరికితనానికి నన్ను నువ్వు ఎప్పటికీ క్షమించకు.

నిన్ను తీసుకెళ్ళిన రోజు ఆయన్ని అడిగాను. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. "గుండీ ఎక్కడ పోయింది?" అన్నాను. పేపరు దించలేదు. "నీ తమ్ముడు కుట్టింది, నీ తమ్ముడి ఉమ్మి. నన్నడుగుతావేం?" అన్నాడు. నేను ఉమ్మి మాట ఎత్తనే లేదు. పేపర్లో అది ఇంకా రాలేదు. ఎవరు చెప్పారన్నాను. అప్పుడు దించాడు పేపరు.  మొహం చూస్తే చాలు.

చొక్కా తీసుకుని స్టేషన్‌కు వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు దాన్ని బల్లమీద పరిచి గుండీలు లెక్కపెట్టాడు. "ఐదుకు ఐదూ ఉన్నాయి కదమ్మా. ఇందులో ఏముంది?" అన్నాడు. ఒకటి నేను కుట్టానన్నాను. ఏది అన్నాడు. వంగి చూశాను. చెప్పలేకపోయాను. వేళ్ళతో తడిమి చూశాను, అయినా తెలియలేదు. అంత బాగా కుట్టాను రా. ల్యాబుకు పంపారు. మరకలు పోవాలని, నీ గుండీ కుట్టకముందే నేనే మరిగే నీళ్ళలో రెండుసార్లు ఉతికిన చొక్కా అది, దాని మీద ఎవరూ మిగల్లేదు. కింద నుంచి రెండో గుండీ ముడిలో మాత్రం నా ఉమ్మి ఉంది. అంటే ఏమని అర్థం? తమ్ముణ్ని కాపాడుకోవడానికి అక్క ఒక పాత గుండీ కోసి కొత్తది కుట్టి తెచ్చిందని. నా ముందే అన్నారు ఆ మాట.

ఒక్క దారి ఉంది. జూన్ ఎనిమిదిన నేను నీకు రాసిన ఉత్తరం. గుండీ ఊడిందనీ, చొక్కా నానబెట్టుకున్నాడనీ అందులో రాశాను. గుప్పిట్లో గుండీ దొరికిందని అప్పటికి పోలీసులు తప్ప ఎవరికీ తెలియదు. నీ ఉమ్మి సంగతి పోలీసులకే తెలియదు. కవరు మీద పోస్టు ముద్ర ఉంటుంది. అది నా రాతేనని ఎవరైనా చెప్పగలరు. మన లాయరు అదొక్కటీ చాలన్నాడు. ఎక్కడ పెట్టావు? మిషన్ సొరుగులోనా, కొలతల పుస్తకంలోనా? వెంటనే రాయి. దుకాణం తాళాలు నా దగ్గరున్నాయి.

అక్క


జైలు, రిమాండు గది
ఆగస్టు 9

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను.

ఇస్త్రీపెట్టెలో కాల్చిన చెత్త కాగితాల్లో అదీ ఉంది.

నీ జూన్ ఇరవై ఉత్తరం చదివినప్పుడు టీచరమ్మ కోసం అయ్యో అనుకున్నాను, అంతే. ఇరవై నాలుగుది చదివాక మిషన్ ఆపేశాను. కాకికాలు ఎవరికి వేశావని నువ్వు అడుగుతున్నావంటే, అదెక్కడో కనిపించకూడని చోట కనిపించిందన్నమాట. సొరుగులోంచి నీ పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. గుండీ, బకెట్టు, బస్సు.  ఎవరైనా వచ్చి సొరుగు లాగితే అందరికంటే ముందు దొరికేది అదే అనిపించింది. దాన్నీ, తర్వాతి రెండు ఉత్తరాలనీ బొగ్గుల్లో పడేసి, పైమూత వేసి, ఆ వేడితోనే ఒక ప్యాంటు ఇస్త్రీ చేశాను. ఎంత చక్కగా మడత వచ్చిందో! నాకు నేనే చెంపలు వాయించుకోవాలి.

ఎందుకు చేశావంటావు. నీ సంసారం అనుకున్నాను. నా అక్క అన్నీ ఒక పద్ధతిలో పెట్టుకునే మనిషి, తెల్లారేసరికి వీధిలో పడుతుందే అనుకున్నాను. నాకేం, నేను చేయలేదు, నా జోలికి ఎవరొస్తారు అనుకున్నాను. మీ ల్యాబు మీద నీకంత నమ్మకం ఉంటే నాకుండదా? పన్నెండేళ్ళుగా ప్రతి ఉత్తరంలో నువ్వే నూరిపోశావు. నిజం ఎక్కడున్నా మేం పట్టుకుంటామన్నావు.

దర్జీ కొడుకుని, ఒక్క పోగు కూడా పారేయకుండా పెంచారు నన్ను. ఏం దాచాలో తెలిసినవాణ్ని, ఏం కాల్చకూడదో తెలియలేదు.

నేను రాసిన జూన్ పదకొండు ఉత్తరం నీ దగ్గరుంటుంది కదా. అది ఇవ్వు. అందులో గుండీ సంగతి ఉంది.

నీ తమ్ముడు


మహిళా హాస్టల్, ఏడో నంబరు గది
అక్టోబరు 30

తమ్ముడికి,

నిన్న కోర్టులో నువ్వు తల ఎత్తి నా వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది. అక్కడ జరిగినదంతా నీకు తెలుసు, అయినా రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే పిచ్చెక్కుతుంది, చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు.

నీ జూన్ పదకొండు ఉత్తరం నేనే ఇచ్చాను, నా చేత్తో. (నా చేతుల గురించి ఇక మాట్లాడను.) ప్రభుత్వ లాయరు దాన్ని గట్టిగా చదివాడు. "నా గుండీ ఊడదక్కా. ఎవరో గుప్పిట్లో పట్టుకుని గట్టిగా లాగితే తప్ప రాదు." చదివి ఆగాడు. గుప్పిట్లో గుండీ దొరికిందని ఊళ్ళో ఎవరికీ తెలియకముందే ఈ మనిషికి గుప్పిట సంగతి ఎలా తెలిసిందని అడిగాడు. గుండీ పోగొట్టుకున్నవాడికే తెలుస్తుందన్నాడు. ముందుగానే బావ మీదకు నెట్టడానికి రాసుకున్నాడన్నాడు. తమ్ముడి ఉత్తరంలో ఉన్న మాట ముందు అక్క రాసిందంటున్నారు, ఏదీ ఆ ఉత్తరం అన్నాడు. 

మన లాయరు నువ్వు దారం కొరుకుతావని చెప్పాడు. ఎవరూ కాదనలేదు. అందరూ నవ్వినట్టే చూశారు. "కొరికాడు సార్, మేమూ అదే అంటున్నాం. తన చొక్కా తాను కుట్టుకున్నాడు, తన దారం తాను కొరికాడు" అన్నాడు ప్రభుత్వ లాయరు. తర్వాత నన్ను బోనెక్కించి, "మీరు కూడా పళ్ళతోనే తెంపుతారా?" అని అడిగాడు. అవునన్నాను. "ఎక్కడ నేర్చుకున్నారు?" నాన్న దగ్గరన్నాను. "ఇద్దరూ?" ఇద్దరమూ అన్నాను. అంతే, చాలన్నాడు. పెద్దసారు రిపోర్టు చదివారు. కోట్లమందిలో ఒకరికి తప్ప అలా కలవదని చెప్పారు. అది నిజమే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ వాక్యం అలా రాయడం ఆయనకు నేర్పిందీ నేనే, మా ల్యాబుకు ఆయన కొత్తగా వచ్చినప్పుడు.

అతను కూడా సాక్ష్యం చెప్పాడు. నీలం చొక్కా వేసుకొచ్చాడు, అంతకుముందెప్పుడో నువ్వు కుట్టిందే. మా ఆవిడకు తమ్ముడంటే ప్రాణం, ఏం మాట్లాడినా మీరు పట్టించుకోకండి అన్నాడు. నా బావమరిది మంచివాడే పాపం, చొక్కాలు కుట్టి పెట్టేవాడు అని కళ్ళు తుడుచుకున్నాడు. అతని గుండీలు చూస్తూ కూర్చున్నాను. ఐదు కాకికాళ్ళు. లేచి వెళ్ళి ఒక్కొక్కటీ పీకెయ్యాలనిపించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నాకు అన్నీ తెలుసు రా. ఎవరు, ఎప్పుడు, ఏ చొక్కాతో. తెలిసి ఏం చేయను? చెప్పాను, అరిచాను, కాగితం మీద రాసిచ్చాను. అక్కవి కదమ్మా అంటారు. నీళ్ళు తాగమని గ్లాసు ఇస్తారు.

అక్క


జైలు, కుట్టుగది
మార్చి 3

అక్కకు,

తీర్పు రోజు నువ్వు స్పృహ తప్పావని లాయరు చెప్పాడు. ఆరోగ్యం చూసుకో. పై కోర్టుకు రాశాం కదా, అది ఎప్పటికి తేలుతుందో ఆయనా చెప్పడం లేదు. నేను అడగడం మానేశాను. జీవితాంతం అన్నాక తొందరేముంది?

నాకు ఇక్కడ కుట్టుగదిలో పని ఇచ్చారు. పన్నెండు మిషన్లున్నాయి, రెండు నడుస్తాయి. మా అందరి బట్టలూ ఇక్కడే కుడతాం. ఇక్కడ ఒక రూలు ఉంది, విని నవ్వు. ఖైదీల చేతికి కత్తెర ఇవ్వరు. బట్ట బయట కోసి పంపుతారు. దారం మాత్రం పళ్ళతో కొరుక్కోమంటారు. మొదటి రోజు వార్డరు ఈ మాట చెబుతుంటే నాకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. పిచ్చోడనుకున్నారు. ఇప్పుడు ఈ జైల్లో ఎనిమిది వందల మంది గుండీల్లో నా ఉమ్మి ఉంది. రేపు వీళ్ళలో ఎవడైనా బయటికెళ్ళి ఏమైనా చేస్తే నన్నే పిలవండి అన్నాను. వార్డరుకు అర్థం కాలేదు.

కాకికాలు ఎవరికీ వేయడం లేదు. నాకు కూడా.

పగలు పని ఉంటుంది, గడిచిపోతుంది. కానీ ఒకటి పీకుతోంది. నీ ఉత్తరంలో ఏముందో నాకు పూర్తిగా గుర్తు రావడం లేదు. రెండుసార్లు చదివాను, రెండోసారి భయంతో చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఎలా ఉందో కావాలి. అప్పుడు నాకు కోపం వచ్చిందీ, నవ్వొచ్చిందీ గుర్తుంది గానీ, నీ మాటలు పోయాయి. నీకు గుర్తుంటే మళ్ళీ రాసి పంపుతావా? కోర్టుకు కాదు. కోర్టుకు పనికిరాదని నాకూ తెలుసు. నాకోసమే.

నీ తమ్ముడు,
నొక్కుపన్ను


మహిళా హాస్టల్, ఏడో నంబరు గది

తమ్ముడూ,

అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. రోజూ చదువుకుంటున్నాను కదా, కాగితం లేకపోయినా. తేదీ మాత్రం వేయడం లేదు. అప్పటిది వేసే హక్కు లేదు, ఇప్పటిది వేయబుద్ధి కాలేదు. ఇదిగో:

ఒరేయ్ నొక్కుపన్నూ,

బాగున్నావా? శుక్రవారం వచ్చి నా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయావు. బావ ఆఫీసు దాకా వచ్చినవాడికి ల్యాబు దాకా రావడానికి కాళ్ళు రాలేదా? ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోను.

చొక్కా చాలా బాగా కుదిరింది. కానీ నీ పని పాడైపోయింది నాయనా, మొదటి రోజే గుండీ ఒకటి ఊడింది, కింద నుంచి రెండోది. ఎక్కడో బస్సు తోపులాటలో పోయిందట. నా దగ్గర ఆ రంగుది లేక తెల్లది కుట్టాను, చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది. ఇంకో తమాషా విను. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మీ బావ చొక్కా తానే నానబెట్టి కూర్చున్నారు! "నీకు శ్రమ ఎందుకని" అన్నారు. పద్నాలుగేళ్ళకు ఆ మాట విన్నాను. ఎంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను. ఎవరితోనూ అనకు, దిష్టి తగులుతుంది.

పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళావా? వెళ్ళి ఉండవు. కత్తెర పక్కన పెట్టుకుని కుట్టు, ఆ పళ్ళతో దారం కొరకడం ఇకనైనా మానెయ్ రా.

ఆ గోధుమరంగు గుండీలు ఉంటే రెండు పంపు. తొందరేం లేదు.

అక్క